ఆ నంబర్‌కి ఎవరైనా ఫోన్ చేసి చూశారా?

అక్టోబర్ వచ్చిందంటే మన క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు ఖాయం. ఒకటి, "రేపు సెలవు ఇస్తారా?" రెండోది, ఎవరో ఎప్పుడో తయారు చేసిన హెల్ప్‌లైన్ నంబర్ల ఇమేజ్. పసుపు బ్యాక్‌గ్రౌండ్, ఎర్ర అక్షరాలు, అడుగున "దయచేసి అందరికీ షేర్ చేయండి". అది ఏ ఏడాది ఇమేజో ఎవరికీ తెలీదు. తుఫాను పేరు మారుతుంది, ఇమేజ్ మారదు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఖాళీ దొరికితే మా హాస్టల్ మెట్ల దగ్గర గోడకి అంటించిన ఎమర్జెన్సీ కాగితం ఫోటో తీసుకుని కూర్చున్నాను. 108, 112 లాంటివి వదిలేశాను; నిజంగా అవసరమైనవాళ్ల లైన్‌ని పరీక్ష కోసం ఆపకూడదు కదా. మిగతా పదకొండు నంబర్లకీ వరసగా ఫోన్ చేశాను. నాలుగు అసలు లేవు. ఒకటి ఎప్పుడో బదిలీ అయిన వార్డెన్ గారిది. పాపం ఆయన ఫోన్ ఎత్తి, "నేనిప్పుడు అక్కడ లేను బాబూ" అన్నారు. అడిగిన తీరు చూస్తే ఇలాంటి ఫోన్లు ఆయనకి కొత్త కాదనిపించింది. ఒక నంబర్‌లో అంకె తక్కువ. అంటే పదకొండులో పనికొచ్చేవి అయిదు. కాగితం మాత్రం లామినేషన్ చేయించి, చక్కగా మెరుస్తూ ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆపద రాకముందు సిద్ధంగా ఉండటం అంటే సమాచారం పోగేయడం అని మనం అనుకుంటున్నాం. పోగేయడం ఒక్క రాత్రి పని. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే ఆరు నెలలకే అది అబద్ధంగా మారుతుంది. మామూలు రోజుల్లో అబద్ధం వల్ల పెద్ద నష్టం లేదు. గాలి గంటకి నూట యాభై కిలోమీటర్ల వేగంతో వీస్తున్నప్పుడు తప్పు నంబర్‌కి చేసిన ప్రతి ఫోనూ బ్యాటరీని, టైమ్‌ని తినేస్తుంది.

ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి మనకి వెంటనే వచ్చే ఆలోచన యాప్. ప్రతి హ్యాకథాన్‌లోనూ కనీసం ఒక "డిజాస్టర్ మేనేజ్‌మెంట్ యాప్" ఉంటుంది. మ్యాప్, లాగిన్, ఎర్ర బటన్. ప్రైజ్ వస్తుంది, రెజ్యూమేలో ఒక లైన్ పడుతుంది, ఫ్రీ సర్వర్ గడువు అయిపోతుంది, యాప్ చచ్చిపోతుంది. యాప్‌ల మీద నాకేం కోపం లేదు. 2018 ఆగస్టులో కేరళ వరదలప్పుడు ఐఈఈఈ కేరళ సెక్షన్ వాలంటీర్లు, ఆ రాష్ట్ర ఐటీ మిషన్ కలిసి కేరళరెస్క్యూ అనే సైట్ నిలబెట్టారు. అందులో మనలాంటి విద్యార్థులు చాలామందే ఉన్నారు. అయితే కోడ్ రాయడంతో ఆ పని అయిపోలేదు. వచ్చిన ప్రతి అభ్యర్థన వెనకా ఒకరు ఫోన్ పట్టుకుని, "మిమ్మల్ని ఇంకా తీసుకెళ్లలేదా? ఎంతమంది ఉన్నారు?" అని అడగాల్సి వచ్చింది. ఎందుకంటే మనిషిని కాపాడి ఒడ్డుకి చేర్చాక కూడా "నా అత్త మేడ మీద ఉంది, సాయం చేయండి" అన్న పాత మెసేజ్ ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. పడవ అక్కడికి వెళ్తే, నిజంగా మేడ మీద ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లదు.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు తెచ్చుకోండి. కోవిడ్ రెండో వేవ్. ఆక్సిజన్ సిలిండర్లు, బెడ్ల వివరాలు వేల కొద్దీ తిరిగాయి. అందులో నిజంగా పనికొచ్చినవి ఏవి? పక్కన "వెరిఫైడ్, సాయంత్రం 4:30" అని రాసి ఉన్నవి. ఎవరో ఒక అమ్మాయో అబ్బాయో ఆ షాపుకి ఫోన్ చేసి, సరుకు ఉందో లేదో కనుక్కుని, టైమ్ వేసి పెట్టినవి. ఆ నాలుగు అక్షరాల టైమ్‌స్టాంప్ విలువ మొత్తం మెసేజ్ విలువకంటే ఎక్కువ.

సమాచారమే కాదు, యంత్రం ఉన్నా ఇదే కథ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ నివేదికలో మనలాంటివాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాల్సిన విషయం ఒకటుంది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉంది. ఆ రాత్రి సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్న ఊరికి వాసన, కళ్ల మంట, దగ్గే హెచ్చరిక అయ్యాయి. డ్రాయింగ్‌లో చూస్తే 36 బటన్లున్న వ్యవస్థ అది. "ఈ షిఫ్టులో నొక్కాల్సింది నేను" అని తెలిసిన వేలు ఒక్కటీ వాటి మీద పడలేదు.

ఇప్పుడు మనుషుల్ని పెట్టుకున్నవాళ్ల సంగతి చూద్దాం. మన బంగాళాఖాతానికే అటు చివర ఉన్న బంగ్లాదేశ్. 1970 నవంబర్‌లో వచ్చిన భోలా తుఫానులో అక్కడ తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయారు. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. మనం పోగొట్టుకున్నది సుమారు పది వేల ప్రాణాలు. భోలా తర్వాత రెండేళ్లకి బంగ్లాదేశ్‌లో రెడ్‌క్రాస్, ప్రభుత్వం కలిసి తుఫాను సన్నద్ధతకి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. దాని ప్రాణమంతా ఊళ్లలోని వాలంటీర్లే. జీతం లేదు. చేతిలో మెగాఫోన్, చేత్తో తిప్పే సైరన్, రేడియో, జెండాలు. ఎగరేసిన జెండాల సంఖ్య పెరిగిందంటే ప్రమాదం పెరిగినట్టు; చదువు రాకపోయినా అర్థమవుతుంది. హెచ్చరిక ఎవరు చెప్పాలి, షెల్టర్ ఎవరు చూడాలి, ప్రథమ చికిత్స ఎవరిది అన్నది ముందే పంచుకుని ఉంటారు. ఇప్పుడు వాళ్లు 76 వేలకి పైనే, అందులో సగం మంది ఆడవాళ్లు.

ఇదంతా మంత్రం వేసినట్టు జరిగిపోలేదు. 1991 ఏప్రిల్ తుఫానులో అక్కడ మళ్లీ లక్షా ముప్ఫై ఎనిమిది వేల మంది పోయారు. కబురు అందినా, వెళ్లి తలదాచుకోవడానికి చాలినన్ని షెల్టర్లు లేవు. తర్వాత అవి కట్టారు, వాలంటీర్లని పెంచారు. 2020 మేలో అంఫాన్ వచ్చినప్పుడు, అదీ కోవిడ్ మధ్యలో, ఇరవై లక్షలమందికి పైగా జనాన్ని షెల్టర్లకి తరలించారు. చనిపోయినవాళ్ల లెక్క పదుల్లో ఆగింది. మూడు లక్షల నుంచి పదులకి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్లలో తుఫాను లేని రోజులే ఎక్కువ. ఆ ఖాళీ రోజుల్లో కూడా మెగాఫోన్ బ్యాటరీ మార్చినవాళ్లదే నా దృష్టిలో అసలు ఘనత.

"అది ప్రభుత్వం పని, మనకెందుకు?" అని అడుగుతారు. ప్రభుత్వం పనే. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఉంది, వాతావరణ శాఖ ఉంది, ఇప్పుడు ఫోన్లకి నేరుగా అలర్ట్ కూడా వస్తోంది. 2023లో టెస్ట్ అలర్ట్ క్లాసు మధ్యలో కీచుమని మోగితే మనమంతా ఉలిక్కిపడ్డాం కదా. కానీ ఆ అలర్ట్ "తుఫాను వస్తోంది" అని మాత్రమే చెప్పగలదు. గర్ల్స్ హాస్టల్ వెనక గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని దానికి తెలీదు. జనరేటర్‌లో డీజిల్ ఎన్ని గంటలకి సరిపోతుందో, రెండో అంతస్తులో వీల్‌చెయిర్ వాడే జూనియర్ ఎక్కడుంటాడో, రాత్రి పూట ఆంబులెన్స్ ఏ గేటులోంచి లోపలికి రావాలో దానికి తెలీదు. ఈ ఆఖరి అర కిలోమీటర్ తెలిసినవాళ్లం మనమే.

ఇంకొకరు అంటారు, "అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా" అని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టాక కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. 2024 సెప్టెంబర్ 1న, ఆదివారం పూట, బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేశాక మేడల మీద చిక్కుకున్నవాళ్లకి తిండి, మంచినీళ్ల తర్వాత పెద్ద సమస్య ఫోన్ చార్జింగే. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. టీవీలో "పదో నంబర్ ప్రమాద హెచ్చరిక" అంటే అదే ఆఖరిది అనుకుంటాం. దానిపైన పదకొండు ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి అని దానర్థం. గాలి వేగం కంటే పైమెట్టున పెట్టారు, కబురు తెగిపోవడాన్ని. అందుకే నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి.

ఈ పని తెలుగు సాహితీ క్లబ్‌కెందుకు, కోడింగ్ క్లబ్‌కో ఎన్ఎస్ఎస్‌కో చెప్పొచ్చు కదా అనే ప్రశ్న కూడా వస్తుంది. వాళ్లూ రావాలి. కానీ హెచ్చరిక అనేది మొదట భాష. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అన్న మాటలు రోజూ వింటాం. వీటి మధ్య తేడా మెస్‌లో పనిచేసే అక్కకి, గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయికి ఎవరు చెప్పారు? గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుఫాను అంటారు. అంతకి ముందు మెట్లే మిగతావి. "తుఫాను కేంద్రం తీరం దాటుతోంది" అని వార్తల్లో చెప్తారు. దాన్నే ఇలా చెప్పొచ్చు: "గాలి ఒక్కసారిగా ఆగిపోయిందా? బయటికి రావద్దు. తుఫాను కన్ను మన మీదుగా పోతోంది. కాసేపట్లో గాలి అటువైపు నుంచి మళ్లీ వస్తుంది." ఈ నాలుగు వాక్యాలు ఒక ప్రాణం కాపాడగలవు. మనం కవితల పోటీకి పెట్టే శ్రద్ధలో పదో వంతు ఇక్కడ పెడితే చాలు.

నా ప్రతిపాదన చిన్నది. ఆరుగురు. రెండో సంవత్సరం నుంచి ముగ్గురు, మూడో సంవత్సరం నుంచి ముగ్గురు. ఫైనల్ ఇయర్ వాళ్లు వద్దు. ప్లేస్‌మెంట్లు, ఇంటర్న్‌షిప్‌లలో పడితే వాళ్లు దొరకరు, తప్పు పట్టలేం కూడా. ప్రతి సీనియర్‌కీ ఒక జూనియర్ జత. కాలేజీలో ఏ మంచి పనైనా ఎందుకు ఆగిపోతుందో మనకి తెలుసు: చేసేవాళ్లు పాసై వెళ్లిపోతారు, పాస్‌వర్డ్ వాళ్లతోనే పోతుంది. జత ఉంటే పని చేతులు మారుతుంది.

ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. ఏప్రిల్ చివర, వేసవి తుఫాన్లకీ వానాకాలానికీ ముందు. సెప్టెంబర్ చివర, దసరా సెలవులకి ముందు. ఎందుకంటే మన తీరానికి అసలు గండం అక్టోబర్, నవంబర్లలోనే. కూర్చున్న రోజు ప్రతి లోకల్ నంబర్‌కీ ఫోన్ చేయాలి. మూడే ప్రశ్నలు. ఈ నంబర్ ఇంకా మీదేనా? రాత్రి పూట ఎవరు ఎత్తుతారు? కరెంటు పోతే ఇది పనిచేస్తుందా? జవాబు రాని నంబర్ కొట్టేయాలి. "ఉండనీలే" అనకూడదు. జాబితా ఒక్క పేజీ దాటకూడదు. పైన 112, 108, 101, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070. కింద మన క్యాంపస్ నంబర్లు. తెలుగులో ఒకటి, బయటి రాష్ట్రాల వాళ్ల కోసం హిందీ, ఇంగ్లీష్‌లలో ఒకటి. అడుగున తేదీ, సరిచూసినవాళ్ల పేరు. లామినేషన్ వద్దు, చేస్తే మార్చడానికి మనసు రాదు.

తుఫాను వచ్చిన రోజున వీళ్ల పని ఇంకా చిన్నది. గ్రూపుల్లోకి వచ్చే ప్రతి భయపెట్టే మెసేజ్‌నీ ముందు ఆపి, అధికారిక ప్రకటనతో పోల్చి, నిజమైతేనే పంపడం. తప్పుడు హెచ్చరికతో జనాన్ని హడలగొడితే విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ఏడాది దాకా జైలు కూడా ఉంది. ఆ భయం కంటే, "వీళ్లు పంపితే నిజం" అన్న నమ్మకం ముఖ్యం. నమ్మకం ఏ యాప్‌లోనూ డౌన్‌లోడ్ కాదు.

పనిలో గ్లామర్ లేదని ముందే చెప్తున్నాను. సర్టిఫికెట్ ఇస్తారో లేదో తెలీదు. తుఫాను రాకపోతే మీరు చేసింది ఎవరికీ కనపడదు. వచ్చి అందరూ క్షేమంగా ఉన్నా "ఏముందిలే, పెద్దగా రాలేదు" అంటారు. అయినా ఈ నెలాఖరు శనివారం క్లాసులు అయ్యాక క్లబ్ రూమ్‌లో ఉంటాను. అయిదుగురు కావాలి. కోడింగ్ రావాల్సిన అవసరం లేదు. అవతలివాళ్లు విసుక్కున్నా ఫోన్‌లో మర్యాదగా మాట్లాడటం వస్తే చాలు.