గడియారం ఎందుకు ఆగింది?

'మిస్ హావిషామ్ ఇంట్లో ఆగిపోయిన గడియారాలు దేనికి ప్రతీక?'

చార్లెస్ డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చదివే ఏ ఇంగ్లిష్ క్లాసులోనైనా వినిపించే ప్రశ్న ఇది. జవాబు గైడులో సిద్ధంగా ఉంటుంది: 'ఆగిపోయిన కాలానికి.' రాసేస్తే మార్కులు పడతాయి. సింబల్, ఐరనీ, ఫోర్‌షాడోయింగ్... ఒక్కోదానికీ ఓ నిర్వచనం, ఓ ఉదాహరణ. తెలుగు క్లాసులో ఉపమాలంకారాన్ని బట్టీ పట్టినట్టే! పరీక్ష అయిపోతుంది. నవల మాత్రం అలాగే ఉండిపోతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చదువే సాగుతుంటే, ఈసారి పిల్లల్ని 'ఇది ఏ అలంకారం?' అని కాకుండా 'రచయితకి ఇక్కడ దీని అవసరం ఏమొచ్చింది?' అని అడిగి చూడండి.

కథేమిటంటే... ఇంగ్లండ్‌లో చిత్తడి నేలల పక్కనున్న ఓ పల్లె. పిప్ అనే అనాథ కుర్రాడు అక్క దగ్గర పెరుగుతుంటాడు. బావ జో కమ్మరి, వెన్నలాంటి మనసు. పారిపోయి వచ్చిన ఓ ఖైదీ బెదిరిస్తే పిప్ తిండి, సంకెల కోసుకోవడానికి ఆకురాయి తెచ్చిస్తాడు. తర్వాత మిస్ హావిషామ్ అనే ధనవంతురాలి ఇంటికి ఆడుకోవడానికి వెళ్తాడు. అక్కడ ఎస్టెల్లా అనే అమ్మాయి అతని మోటు చేతుల్ని, బూట్లని చూసి నవ్వుతుంది. కొన్నేళ్లకి, పేరు చెప్పని దాత ఎవరో అతన్ని పెద్దమనిషిని చేయడానికి డబ్బు ఏర్పాటు చేస్తారు. ఆ దాత మిస్ హావిషామే అనుకుంటాడు పిప్.

ఇప్పుడు గడియారాల దగ్గరికొద్దాం. పెళ్లిరోజు ఆమె ముస్తాబవుతుండగా, పెళ్లికొడుకు రావడం లేదని ఉత్తరం వచ్చింది. అప్పుడు టైము తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువ. ఇంట్లోని గడియారాలన్నీ అక్కడే ఆపేసింది. ఏళ్లు గడిచినా ఒంటిమీద అదే పెళ్లిబట్ట, ఒక కాలికే చెప్పు. కానీ నిజంగా కాలం ఆగిందా? ఎస్టెల్లాని పెంచి, మగవాళ్ల మనసులు విరిచెయ్యమని నేర్పిందామె. గడియారం ఆగినా పగ నడుస్తూనే ఉంది. ఆమె బాధకి మూల్యం తర్వాతి తరం చెల్లించింది. 'ఆగిన కాలం' అని రాసి ఊరుకుంటే సగం జవాబే!

మరి ఫోర్‌షాడోయింగ్? అంటే ముందు జరగబోయేదాన్ని సూచనగా చెప్పడం. ఒకరోజు సారాయి దుకాణంలో ఓ కొత్త మనిషి పిప్‌కి మాత్రమే కనిపించేలా తన రమ్ముని ఆకురాయితో కలుపుతాడు. అది ఖైదీకిచ్చిన ఆకురాయే! వెళ్తూ వెళ్తూ పిల్లాడి చేతిలో డబ్బు పెడతాడు. ఈ నవల 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ సొంత వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారం వారం ఎదురుచూసే పాఠకుడి కళ్లముందే అసలు రహస్యాన్ని పెట్టి, మరిచిపోయేలా చేశాడన్నమాట.

ఎందుకంటే పిప్‌ని పెద్దమనిషిని చేసింది ఆ ఖైదీయే. ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసి సంపాదించిన డబ్బు అది. దీన్నే ఐరనీ అంటారు. అయితే డికెన్స్‌కి ఇది కావాల్సింది పాఠకుణ్ని ఆశ్చర్యపరచడానికి మాత్రమే కాదు. ఈలోగా పిప్ ఏం చేశాడో చూడండి. పెంచిన జో లండన్ వస్తున్నాడంటే సిగ్గుపడ్డాడు. డబ్బిచ్చి ఆపగలిగితే ఆపేవాణ్నని తనే ఒప్పుకుంటాడు. జో వచ్చి, సొంత మనిషిని 'సర్' అని పిలుస్తాడు. అతని టోపీ పెట్టిన చోట నిలవక మాటిమాటికీ కింద పడుతుంది. మనం నవ్వుతాం. ఎవర్ని చూసి సిగ్గుపడ్డాడో ఆ జోయే చివరికి జబ్బుపడ్డ పిప్‌కి సేవ చేసి, అతని అప్పు తీర్చి, చెప్పకుండా వెళ్లిపోతాడు. అప్పుడు మన నవ్వు గుర్తొచ్చి మనకే ఇబ్బందిగా ఉంటుంది.

సిగ్గంటే ఏమిటో డికెన్స్‌కి తెలుసు. అప్పుల పాలైన తండ్రి 1824లో జైలుకెళ్లినప్పుడు, పన్నెండేళ్ల డికెన్స్ బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకి లేబుళ్లు అంటించాడు. ఆ సంగతి లోకానికి చెప్పలేదు. 1870లో ఆయన చనిపోయాకే జీవితచరిత్ర ద్వారా బయటపడింది.

మన ఇళ్లకి ఇది దూరపు కథేం కాదు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చిన నాన్న నోరు విప్పకపోతే బాగుండునని లోలోపల అనుకునే పిల్లలున్నారు. అది గమనించీ గమనించనట్టు వెనక బెంచీలో కూర్చునే నాన్నలూ ఉన్నారు. ఇంగ్లిష్ చదువు తెచ్చిపెట్టే ఈ చిన్న దూరం గురించి మాట్లాడిన నవలని, ఇంగ్లిష్ క్లాసులో నిర్వచనాల జాబితాగా మార్చేస్తే ఎలా?

జో లండన్ వచ్చేది ఇరవై ఏడో అధ్యాయంలో. పెద్దదేం కాదు. ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో అది చదివి, కథంతా మీకు తెలుగులో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. ఆ టోపీ ఎందుకు పడిపోతోందని మాత్రం తప్పకుండా అడగండి.