మూడు సంవత్సరాదులు, ఒక యింటి లెక్క

ఆంగ్ల సంవత్సరము మారినది. 2026 జనవరి 1వ తేదీనాటి శుభాకాంక్షల సందడి సద్దుమణగకముందే మన వీధులలో భోగిమంటకు కట్టెలు ప్రోగగుచున్నవి. ఆ పైన రెండు నెలలు గడచినంతనే, మార్చి 19న, ఉగాది రానున్నది. ఈ విధముగా మన యానాము వాసులకు ఏటేట సంవత్సరము మూడు మారులు మారుచుండును. వర్తకులకు నాలుగవది కూడ కలదు. ఏప్రిల్ 1న ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మొదలగును. ఇన్ని మారులు సంవత్సరము మారుచుండగా మన యిండ్లలో తఱిగినదేమి, మిగిలినదేమి అని లెక్క చూచుకొనువారెందఱు? కొట్టులో సరకు నిలువ చూచుకొనని వర్తకుడు ఏడాది తిరుగకముందే దివాలా తీయును. సంసారమునకును అదే న్యాయము. ఈ వారము పాఠక మహాశయులతో ఆ లెక్కనే ముచ్చటింపదలచితిమి.

జనవరి 1 మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1723లో ఫ్రెంచివారు ఇచట వర్తకస్థానము నెలకొల్పిరి. నడుమ ఆంగ్లేయులు పలుమారులు ఆక్రమించినను, ఊరు తిరిగి ఫ్రెంచివారి చేతికే వచ్చుచుండెను. 1954 జూన్ 13న యానాము విముక్తమైనది. ఆ యేడే నవంబరు 1న పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా అప్పగింతయు పూర్తియైనది. కనుక మన తాత ముత్తాతల కాలమున కచేరీ గోడపై నున్నది ఫ్రెంచివారి తేదీయే. అయినను ఇంటి దూలమున చెక్కియుంచినది మాత్రము పంచాంగము. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించుటను బట్టి వచ్చునది సంక్రాంతి. అందుచేత అది జనవరి నడుమను దాటిపోదు. చంద్రుని బట్టి వచ్చునది ఉగాది. అందుచేత అది మార్చి ఏప్రిలు నెలల నడుమ అటునిటు జరుగుచుండును. ఒకటి కచేరీది, ఒకటి పొలముది, ఒకటి పంచాంగముది. మూడింటిని మన పెద్దలు తగవు లేకుండ ఒక్క యింటనే నడిపిరి.

అందుచేత జనవరి 1వ తేదీపై మాకు కక్ష లేదు. కేకు కోసినంత మాత్రమున తెలుగుదనము కరగిపోదు. పుదుచ్చేరి నుండి వచ్చు సెలవుల పట్టికలో 'పొంగల్' అని యుండుటయు మాకు కష్టము కాదు. తమిళ సోదరుల పండుగ వారికి ప్రియము, మన పండుగ మనకు ప్రియము. మా చింత వేఱు. పండుగ వచ్చుచున్నది, పోవుచున్నది. అయితే పండుగతోపాటు ఇంటిలోనికి రావలసిన మాటలు రాకుండుటయే మా చింత.

కొంచెము యోచింపుడు. ధనుర్మాసమున నెల పట్టినది మొదలు మన యిల్లు ఒక బడిగా నుండెడిది. ముగ్గు వేయుచున్న తల్లి ప్రక్కన కూర్చుండి ఆడపిల్ల చుక్కలు లెక్కించుట నేర్చెడిది. మెలికల ముగ్గనగానేమో, ముక్కనుమనాటి రథము ముగ్గనగానేమో తెలిసికొనెడిది. అరిసెలు వండునాడు లేతపాకమునకు, ముదురుపాకమునకు భేదము పొయ్యి ప్రక్కనే తెలిసెడిది. పిల్లవానికి భోగిపండ్లు పోయునాడు మేనత్త యెవరు, పెద్దమ్మ యెవరు, పిన్ని యెవరు అని వాని చెవిని పడెడిది. హరిదాసు వచ్చిన పాటతోపాటు పెట్టుగుణము వచ్చెడిది. సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టునపుడు తాత పేరు, ముత్తాత పేరు పైకి చెప్పెడివారు. కనుమనాడు గారెలు తినుచు, ఆ దినమున కాకియైనను కదలదను సామెత చెప్పి, వచ్చిన అల్లుని ఆపెడివారు. ఇవన్నియు పిండివంటలు, వేడుకలు మాత్రమే కావు. ఒక తరము తన మాటల మూటను మఱియొక తరమునకు అప్పగించు పద్ధతి యిది.

నేడు అరిసెలు దుకాణము నుండి వచ్చుచున్నవి. ముగ్గు అంటించు కాగితమై వచ్చుచున్నది. ఆ కాగితపు ముగ్గులను అమ్మువారిలో నేనును ఒకడను. కాబట్టి ఈ మాట ఒరులపై నింద వేయుటకు అనుచున్నది కాదు. పాట యంత్రము నుండి వచ్చుచున్నది. మేనత్తను, పిన్నిని, పెద్దమ్మను కలిపి 'ఆంటీ' అను ఒక్క మాటలో మూటగట్టితిమి. అయిదు చుట్టరికములకు అయిదు మాటలున్న భాషలో ఒక్క మాట మిగిలినచో, తఱిగినవి నాలుగు మాటలు మాత్రమే కావు. ఆ నాలుగు మాటలతో వచ్చు చనువును, మర్యాదయు తఱిగినవి.

ఇచట నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. పదవ తరగతితో చదువు ముగించి కొట్టుపై కూర్చున్నవాడను. సంఘపు సభలలో తెలుగును కాపాడవలెనని పలుమారులు ఉపన్యసించితిని. మా ఫరంపేట వీధిలో గొబ్బిపాటలకు మా అమ్మ పెట్టినది పేరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను వచ్చినపుడు నాకు పదునాఱేండ్లు. కొబ్బరిచెట్లు నేలగూలినవి, ఇండ్లపై కప్పులు లేచిపోయినవి. ఆ తరువాత వచ్చిన సంక్రాంతికి భోగిమంటకు కట్టెల కఱవు లేదు. అరిసెలకు బియ్యమే కఱవు. కొత్తబట్టలు లేవు. అయినను మా అమ్మ విఱిగిన పశువులపాక ముందు గొబ్బెమ్మలు పెట్టి, ఇరుగుపొరుగు ఆడపిల్లలను పిలిచి పాట పాడించినది. పండుగకు పైకము లేకపోయినను పాట యుండవలెనని ఆనాడు నాకు తెలిసినది. తెలిసియు నేనేమి చేసితిని? ఆ పాటలను వ్రాసికొందమని ముప్పది సంక్రాంతులు వాయిదా వేసితిని. గడచిన వేసవిలో అమ్మ కాలము చేసినది. మా తమ్ముని కుమార్తె చరవాణిలో పట్టియుంచిన పాట యొకటి మిగిలినది. అందులో సగము మాటలు తెలియవు. తెలిసిన వానిలో కొన్నింటి అర్థము చెప్పగలవారు ఇంట లేరు. ఆ పిల్ల హైదరాబాదులో ఆంగ్లమాధ్యమున చదువుచున్నది. "పెదనాన్నా, నానమ్మ నడిగి మీరు వ్రాసికొనలేదా?" అని అడిగినది. సభలలో ఎందఱికో జవాబులు చెప్పితిని. దానికి జవాబు చెప్పలేకపోయితిని.

ఇట్టి నష్టము మనకు మాత్రమే వచ్చినది కాదు. మన పొరుగుననున్న కోరంగి రేవు ఒకనాడు ఓడలతో కళకళలాడినది. 1839 తుపాను దానిని ధ్వంసము చేసినది. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటలలో కూలికై మారిషస్ దీవికి పోయిన తెలుగువారికి ఆ రేవు పేరనే అచట 'కోరంగివారు' అను పేరు నిలిచినది. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొందురు. ఆ దేశమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము. సింహాద్రి అప్పన్నను కొలుచువారు, రామభజన చేయువారు నేటికిని అచట కలరు. ఇంతటి శ్రద్ధ మనలో ఎందఱికి కలదు? అయినను ఆ యిండ్లలో పెక్కింట నేడు మాటలాడునది క్రియోలు భాష. తెలుగును పిల్లలు బడిలో పాఠముగా నేర్చుకొనుచున్నారు. సముద్రముల కావల, తరములు గడచిన పిదప, వారు ఆచారమును నిలుపుకొనుటయే ఘనత. వారిని తప్పుపట్టు అర్హత మనకు లేదు. అయితే వారి నుండి మనము గ్రహింపవలసిన పాఠము కలదు. ఆచారము నిలిచినంత మాత్రమున భాష దానంతటది నిలువదు. ఆచారము వేళ ఆ భాషలో మాటలాడిననే నిలుచును.

మనకు చట్టము అండగా నున్నదని కొందఱు ధైర్యము చెప్పుదురు. నిజమే. 1965 నాటి పాండిచ్చేరి అధికార భాషల చట్టము తమిళముతోపాటు మాహెలో మలయాళమునకు, యానాములో తెలుగునకు అధికార వ్యవహారములలో చోటు కల్పించినది. ఆ చట్టమునకు షష్టిపూర్తి యైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ కేంద్రపాలిత ప్రాంతమున సుమారు పన్నెండున్నర లక్షల జనము. అందు యానామున నున్నవారు 55,626 మంది, అనగా నూటికి అయిదుగురైన లేరు. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నది. ఇట్టి మనకు చట్టము చిన్న వరము కాదు. అయితే చట్టము దరఖాస్తును తెలుగులో వ్రాయనిచ్చునే కాని, మనుమరాలికి నానమ్మ పాట నేర్పదు. ఆ పని ఇంటిది. ఇల్లు చేయని పనిని కచేరీ చేయజాలదు.

తెలుగు కూడు పెట్టునా అని అడుగువారును కలరు. కూటికై ఆంగ్లము నేర్వవలసినదే. పుదుచ్చేరిలో కొలువు చేయువారు తమిళము నేర్చుట మంచిదే. ఆ రెండును బయట దొరకును; పైకమిచ్చి నేర్చుకొనవచ్చును. ఇంటి మాట ఇంటనే దొరకును. ఇంట దొరకనినాడు ఏ అంగడిలోను దొరకదు. ఇది వర్తకునిగా నాకు తెలిసిన మాట.

మఱియొక మాట. పండుగ దినములలో మన యూరికి వచ్చు పొరుగువారిలో కొందఱు మన గుళ్ళను, గోదావరి గట్టును చూచుటకు గాక, చౌకగా దొరకు మద్యమునకై వచ్చుచున్నారని మనకందఱకు తెలియును. కోడిపందెములకు, గుండాటకు గోదావరి దాటి పోయి, కనుమనాటికి జేబు ఖాళీ చేసికొని వచ్చు మనవారును కలరు. మూడు దినముల పండుగలో ఇంటి మగవారు ఇంట లేనిచో పిల్లలకు తాత పేరు చెప్పువారెవరు? ఆడువారు మాత్రమే పండుగ నంతయు మోయవలెనా? దీనిని యువకులు గాక ముందుగా మా యీడువారు ఆలోచింపవలెను.

ఇంతకు మేము కోరునది పెద్దపని కాదు. భోగినాటి సాయంత్రము ఒక గంటసేపు చరవాణులు ప్రక్కన పెట్టుడు. ఇంటిలో అందఱకంటె పెద్దవారిని నడుమ కూర్చుండబెట్టుడు. తెలుగు వ్రాయగల పిల్లవాడు గాని పిల్ల గాని స్వహస్తముతో నాలుగు సంగతులు వ్రాయవలెను: నాలుగు తరముల పేర్లు, మన వారు ఏ యూరి నుండి యిచటికి వచ్చిరి, ఇంటి ఆడువారు పాడు పాట యొకటి, ఆ యింటికే ప్రత్యేకమైన వంటకమో సామెతయో యొకటి. వ్రాయలేని పిల్లలున్నచో వారి చేత అక్షరములు దిద్దించుటకు ఆ గంటయే శుభముహూర్తము. దూరదేశములనున్న బిడ్డలకు ఆ కాగితమునే ఉత్తరముగా పంపుడు. ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు వచ్చునపుడు ఆ పుస్తకమును వెంట తెండు. పిల్లల చేతనే చదివింతము. పుస్తకము కావలసినవారు మా కొట్టునకు రావచ్చును. ఇంటికొక నోటుపుస్తకము, ఒక పెన్సిలు వెల లేకుండ ఇచ్చెదము. కాగితపు ముగ్గులు అమ్మిన పాపమునకు ఇది నా ప్రాయశ్చిత్తము.

నడచుచున్నది విశ్వావసు సంవత్సరము. రానున్న దాని పేరు పరాభవ. పేరు విని భయపడనక్కఱలేదు. అరువది యేండ్ల కొకమారు ఆ పేరు వచ్చుచునే యుండును, పోవుచునే యుండును. పిల్లలు అడుగగా పెద్దలు జవాబు చెప్పలేకపోవుటయే నిజమైన పరాభవము. అది ఏ పంచాంగమును బట్టియు రాదు. మన అశ్రద్ధను బట్టి వచ్చును. అమ్మ యున్న యిండ్లవారు, నానమ్మ యున్న యిండ్లవారు ధన్యులు. మీకింకను వ్యవధి యున్నది. ఈ భోగికే వ్రాసికొనుడు.

పాఠకులందఱకు, వారి కుటుంబములకు సంక్రాంతి శుభాకాంక్షలు.