అరటిపండు మీది ఈగ

మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగను మనం విసుక్కుని తోలేస్తాం. ప్రయోగశాలలో దానికి దక్కే మర్యాద వేరు. బియ్యపు గింజంత ఉండే దాని లార్వాను నిలువునా చీల్చి, సన్నటి సూదులతో పరిచి మైక్రోస్కోపు కింద చూస్తే, కండరం మీద నాడి కొస పూసల దండలా కనిపిస్తుంది. ఒక్కో పూసలో నాడి కండరానికి కబురందించే కూడళ్లు, అంటే సినాప్సులు, ఎన్నో. పురుగు పెరిగేకొద్దీ పూసలూ పెరుగుతాయి, వాటిని లెక్కపెట్టొచ్చు. అక్కడ కబురు మోసే గ్లుటమేట్ అనే రసాయనమే మన మెదడులోనూ ఆ పని చేస్తుంది.

'హైవైర్' జన్యువు చెడితే ఈ పూసలు అదుపు తప్పి పెరుగుతాయని 2000లో తేలింది. మరుసటి ఏడాది, మనుషుల్లో బుద్ధిమాంద్యం తెచ్చే ఫ్రాజైల్ ఎక్స్ జన్యువుకు సాటిదాన్ని ఈగలో తీసేస్తే అదే తంతు. గుడ్డు ఈగ కావడానికి పది రోజులే కాబట్టి ఇలాంటి ప్రశ్నలు ఏళ్ల తరబడి నానవు.

ఈగల్లో ఫలితమిచ్చిన తరహా మందులు ఫ్రాజైల్ ఎక్స్ రోగులపై పరీక్షల్లో తేలిపోయిన మాటా నిజమే. అంతమాత్రాన ఈగలకు నిధులెందుకని మొహం చిట్లించడం తొందరపాటు. ఈ పరిశోధన మన దేశానికి కొత్తదీ కాదు: వేడి తగిలితే చచ్చుబడే ఈగల నాడులపై మన శాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ, అమెరికా శాస్త్రవేత్త సీమోర్ బెంజర్‌తో కలిసి 1976లోనే పరిశోధన పత్రం ప్రచురించారు.