ఇల్లు ఇప్పుడే కొనాలా.. వడ్డీ ఇంకా తగ్గేదాకా ఆగాలా? చాలామంది లెక్క తప్పుతున్నది ఇక్కడే!

రిజర్వ్ బ్యాంక్ మరోసారి రెపో రేటు తగ్గించింది. 2025 డిసెంబర్ 5న గవర్నర్ సంజయ్ మల్హోత్రా ప్రకటించిన పావు శాతం కోతతో రెపో 5.25 శాతానికి దిగింది. 2025లో ఇది నాలుగో తగ్గింపు. ఫిబ్రవరిలో పావు, ఏప్రిల్‌లో పావు, జూన్‌లో ఒకేసారి అర శాతం, డిసెంబర్‌లో మళ్లీ పావు. పది నెలల్లో మొత్తం 1.25 శాతం తగ్గింది.

దీంతో సొంతింటి కోసం వెతుకుతున్న వాళ్ల ఇళ్లలో ఒకటే చర్చ. ఇంత తగ్గింది కదా, ఇంకా తగ్గుతుందేమో.. ఇంకో ఆర్నెల్లు ఆగుదామా? పైకి సబబుగానే కనిపించే ప్రశ్న ఇది. కానీ మన దేశంలో హోమ్‌లోన్లు నడిచే తీరు చూస్తే, వడ్డీ కోసం ఆగడం వల్ల వచ్చేది చాలా తక్కువ. ఆగాల్సిన కారణాలు వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు పావు శాతం విలువ ఎంతో చూద్దాం. 50 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు. 7.75 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 41,047 రూపాయలు. అదే 7.5 శాతమైతే 40,280. తేడా నెలకు 767 రూపాయలు. ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు. తీసిపారేయాల్సిన మొత్తం కాదు గానీ, దాని కోసం ఇల్లు కొనే నిర్ణయాన్నే వాయిదా వేసుకునేంత పెద్దదీ కాదు.

తగ్గితే ముందు కొన్నవాళ్లకూ తగ్గుతుంది

అసలు విషయం ఇంకోటి ఉంది. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్‌లోన్లన్నీ బయటి ప్రామాణిక రేటుకు, అంటే ఎక్కువగా రెపోకు ముడిపెట్టాలని ఆర్‌బీఐ రూల్ పెట్టింది. కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. అంటే రేపు రెపో తగ్గితే, ఇవాళ లోన్ తీసుకున్న వాళ్లకూ తగ్గుతుంది. ఆగినవాళ్లకు ప్రత్యేకంగా మిగిలేది ఏమిటి? ఆ కొన్ని నెలల ఎక్కువ వడ్డీ. అంతే!

2025 జనవరిలో 8.75 శాతానికి రెపో లింక్ లోన్ తీసుకున్న వాళ్లనే చూడండి. 1.25 శాతం పూర్తిగా బదిలీ అయితే వాళ్ల వడ్డీ కూడా 7.5 శాతానికి వస్తుంది. 50 లక్షల లెక్కన ఈఎంఐ 44,186 నుంచి 40,280కి.. నెలకు దాదాపు 3,900 తగ్గినట్టు. అయితే చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి గడువు కుదిస్తాయి. అందుకే 'మాకేం తగ్గలేదు' అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి 44,186 చొప్పునే కట్టుకుంటూ పోతే 20 ఏళ్ల లోన్ పదహారున్నరేళ్లకే తీరిపోతుంది.

మరి వడ్డీ తగ్గేదాకా ఆగమనే సలహా ఎక్కడి నుంచి వస్తోంది? కొంతవరకు అమెరికా నుంచి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య ఫోన్లో చెప్పే మాట అక్కడికి నిజమే. అక్కడ ఎక్కువమంది తీసుకునేది 30 ఏళ్ల ఫిక్స్‌డ్ లోన్. సంతకం పెట్టిన రోజు రేటే చివరిదాకా. ఫ్రెడ్డీ మ్యాక్ లెక్కల ప్రకారం 2021 జనవరిలో ఆ సగటు రేటు 2.65 శాతానికి పడిపోయింది, 2023 అక్టోబర్‌లో 7.79 శాతానికి చేరింది. అప్పుడు కొన్నవాళ్లకు, తర్వాత కొన్నవాళ్లకు జీవితకాలం తేడా. తగ్గాక మార్చుకోవాలంటే రీఫైనాన్స్ చేసుకోవాలి, దానికి మళ్లీ ఖర్చులు. ఇక్కడ ఆ బాధ లేదు. పైగా ఫ్లోటింగ్ హోమ్‌లోన్‌ను వ్యక్తులు ముందే తీర్చేసినా బ్యాంకు పెనాల్టీ వేయకూడదు.

ఫ్లోటింగ్ అంటే పైకి కూడా

కత్తికి రెండువైపులా పదును. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎగబాకింది. 2021లో 6.75 శాతం వడ్డీ చూసి ఇల్లు కొన్నవాళ్లకు 9.25 శాతం తగిలింది. అదే 50 లక్షల లెక్క. మొదట్లో ఈఎంఐ 38,018. ఏడాది కట్టాక అసలు ఇంకా 48.77 లక్షలు మిగిలే ఉంటుంది. దాని మీద 9.25 శాతం వడ్డీ నెలకు 37,600 దాకా. పాత ఈఎంఐనే కడితే అసలుకు జమయ్యేది నాలుగొందల చిల్లర! అలా సాగదీస్తే లోన్ రిటైర్మెంట్ దాటిపోతుంది. ఇలాంటి పరిస్థితి చూసే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ కొత్త ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కలిపా అన్నది కస్టమర్ ఎంచుకునే వీలు ఇవ్వాలని చెప్పింది.

కాబట్టి ఇవాళ్టి 7.5 శాతం చూసి బడ్జెట్ వేసుకోవడం ప్రమాదం. అదే లోన్ 9.5 శాతమైతే ఈఎంఐ 46,600 దాటుతుంది. అదీ కట్టగలమా అన్నది ముందే చూసుకోవాలి. కట్టలేమనిపిస్తే చిన్న ఇల్లు చూసుకోవడమో, డౌన్‌పేమెంట్ పెంచుకునేదాకా ఆగడమో మంచిది.

ఇంకెంత తగ్గొచ్చు? 2025 అక్టోబర్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. ఆ ధైర్యంతోనే ఈ కోతలు. కానీ 4 శాతం రెపో కోవిడ్ కాలం నాటిది. మళ్లీ ఆ రేటు కోసం ఎదురుచూడటమంటే అలాంటి కష్టకాలం కోసం ఎదురుచూసినట్టే.

లక్ష బేరం = పావు శాతం

ఎవరూ గమనించని లెక్క ఇది. 7.5 శాతం దగ్గర లక్ష రూపాయల లోన్‌కు 20 ఏళ్ల ఈఎంఐ 806 రూపాయలు. 50 లక్షల మీద పావు శాతం తగ్గితే వచ్చేది 767. అంటే ఫ్లాట్ ధరలో ఒక్క లక్ష తగ్గించుకుంటే, ఆర్‌బీఐ పావు శాతం తగ్గించిన దానికంటే ఎక్కువే కలిసొస్తుంది. ఆర్‌బీఐ ఇచ్చిన తగ్గింపు రేపు వెనక్కి పోవచ్చు. ధరలో తగ్గిన లక్ష మాత్రం పోదు. ముంబైలో ఆర్‌బీఐ ఏం చేస్తుందో మన చేతిలో లేదు, మియాపూర్‌లో బిల్డర్‌తో బేరం మన చేతిలో ఉంది. వడ్డీలు బాగా తగ్గి కొనేవాళ్లు క్యూ కట్టాక ఆ బేరం సాగడం కష్టం. అమ్ముడుపోని ఫ్లాట్లు మిగిలిన చోటే బిల్డర్ మాట వింటాడు.

ఇక ఆగడానికి గట్టి కారణం ఏదైనా ఉందంటే అది అద్దె. 70 లక్షల ఫ్లాట్‌కు అద్దె 20 వేలు అనుకుందాం. కొంటే 50 లక్షల లోన్ మీద మొదట్లో నెల వడ్డీయే 31,250. సొంతంగా పెట్టిన 20 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే 6 శాతం చొప్పున నెలకు 10 వేలు వచ్చేవి. అంటే సొంతిల్లు అద్దె ఇంటి కంటే నెలకు 21 వేల పైన ఎక్కువ. ఏడాదికి రెండున్నర లక్షలు! ఇల్లు ఏటా దాదాపు 4 శాతం విలువ పెరిగితేనే ఈ లెక్క సమానమవుతుంది.

దీనికి రిజిస్ట్రేషన్ అదనం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపితే 7.5 శాతం దాకా పడుతుంది. 70 లక్షలకు 5.25 లక్షలు. ఇది లోన్‌లో రాదు, చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ కూడా. ట్యాక్స్ కలిసొస్తుందిలే అనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉంటేనే 2 లక్షల దాకా.

మూడు నాలుగేళ్లలో ఊరు మారే ఉద్యోగమైతే అద్దెలో ఉండటమే లాభం. పదేళ్లు అదే ఊళ్లో ఉంటాం, పిల్లల బడి కూడా ఇక్కడే అనుకునేవాళ్ల సంగతి వేరు. డబ్బు లెక్క కొంచెం అటూ ఇటూ అయినా, ఓనర్ ఖాళీ చేయమంటాడన్న భయం లేకపోవడానికీ ఒక విలువ ఉంది.

ఆగొద్దన్నారు కదా అని తొందరపడటమూ తగదు. ప్రీలాంచ్ పేరుతో సగం ధరకే ఇస్తామనే ఆఫర్లకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు హైదరాబాద్‌లో కొత్తేం కాదు. రెరా రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టు ఆ నంబర్ లేకుండా అమ్మకానికే రాకూడదు. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోకూడదని కూడా చట్టంలో ఉంది. చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ సంగతి సరేసరి. అక్కడ తేడా వస్తే పావు శాతం వడ్డీ గురించి ఆలోచించే ఓపిక కూడా మిగలదు.

ఇప్పటికే లోన్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది మరోటి. 2019 అక్టోబర్‌కు ముందు తీసుకున్న ఎంసీఎల్ఆర్ లోన్లకు, సొంత ప్రామాణిక రేటు వాడే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల లోన్లకు ఈ తగ్గింపు ఆలస్యంగా, అరకొరగా అందుతుంది. కొత్తవాళ్లకు 7.5 శాతానికి ఇస్తూ పాతవాళ్ల దగ్గర ఎనిమిదిన్నర వసూలు చేస్తుంటే అడగాల్సిందే. చిన్న ఫీజుతో రెపో లింక్‌కు మారే అవకాశం చాలాచోట్ల ఉంది, లేకపోతే వేరే బ్యాంకుకు లోన్ మార్చుకోవచ్చు. 2025 డిసెంబర్ తర్వాతి ఆర్‌బీఐ పరపతి సమీక్ష 2026 ఫిబ్రవరి 4 నుంచి 6 వరకు జరిగింది.