వంశవృక్షమూ, సమాధి పద్దూ

ఆమధ్య మా పట్టణంలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో ఇంగ్లండు చర్చిల్లోని పాత పెళ్ళి పుస్తకాలను గురించీ, చావు పుస్తకాలను గురించీ నేను పావుగంట మాట్లాడాను. కూర్చోగానే ఒక మిత్రుడు లేచాడు. వయసులో నాకంటే చిన్నవాడు, చదువులో పెద్దవాడు, ఉద్యమంలో నాకంటే ముందు నడిచినవాడు. "తాతముత్తాతల్ని తవ్వుకోవడం భూస్వామ్య మనస్తత్వం. పాదిరీలు రాసుకున్న చావు లెక్కలతో శ్రామికవర్గానికి పనేమిటి?" అన్నాడు. సభలో చప్పట్లు మోగాయి. అధ్యక్షులవారు వేళ మించిందన్నారు. ఆ సభలో చెప్పలేకపోయిన జవాబు ఈ పుటల్లో చెప్పుకుంటున్నాను.

మిత్రుడి మాటలో సగం నిజం వుంది. తెలుగు సాహిత్యం ఎం.ఏ. చదివినవాణ్ణి, దాన్నే క్లాసులో చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి, వంశస్తోత్రమంటే ఏమిటో నాకు వేరే చెప్పనక్కరలేదు. ప్రబంధం తెరవండి. కథ మొదలయ్యేలోగా కృతిపతిగారి వంశం దాటాలి. మనుచరిత్రలో పెద్దన కృష్ణరాయల వంశాన్ని చంద్రుడి దగ్గర ఎత్తుకున్నాడు. ఆకాశంలోని చంద్రుడికీ తుళువ వంశానికీ లంకె కుదిరింది గానీ, ఆ రాయలవారి కాలువలు తవ్విన ఒడ్డెరవాడి తండ్రి పేరు ఏ కవికీ తట్టలేదు. పిల్లలచేత ఆ పద్యాలు వల్లె వేయిస్తూ, వాటిలో సమాసాల సొగసు చెబుతూ నేను ఎన్నేళ్ళు గడిపానో! అది తాతల్ని వెతకటం కాదు. కూర్చున్న గద్దెకు కోళ్ళు బిగించుకోవటం.

కాని ఇంగ్లండు పారిష్ పుస్తకం అలాంటిది కాదు. ఇక్కడే మిత్రుడు పొరబడ్డాడు.

1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఒక ఆజ్ఞ పంపాడు. ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం పెట్టాలి. వారం వారం జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ఆదివారంనాడు అందులో ఎక్కించాలి. పుస్తకాన్ని తాళాలు వేసిన పెట్టెలో భద్రపరచాలి. రాయకపోతే జుల్మానా. ఈ మాట వినగానే రైతులు గుండెలు బాదుకున్నారు. పుట్టుక మీదా పెళ్ళి మీదా చావు మీదా పన్ను వేయబోతున్నారని వదంతి లేచింది. పల్లెటూరి మూఢులని నవ్వకండి. సర్కారు పేరు రాసుకునేది పెట్టడానికి కాదు, పట్టడానికని వాళ్ళకు అనుభవం నేర్పింది. వాళ్ళు భయపడ్డదీ చివరికి జరిగింది. 1694 చట్టంతో ఒకసారి, 1783లో మరొకసారి ఆ మూడింటిమీదా పన్ను పడింది. 1783 నాటి చట్టం ప్రకారం పద్దుకు మూడు పెన్నీలు. దరిద్రుడికి మినహాయింపు. అందుచేత ఆ ఏళ్ళలో చాలాచోట్ల రిజిస్టర్లలో దరిద్రుల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. 1794లో ఆ పన్ను తీసేశారు.

ఉన్ని చట్టం సంగతి ఇంకా ముచ్చటైనది. 1666లోనూ, దాన్ని బిగించి 1678లోనూ పార్లమెంటు ఒక శాసనం చేసింది. ఇంగ్లండులో చచ్చినవాణ్ణి ఇంగ్లీషు ఉన్నిబట్టలోనే చుట్టి పాతిపెట్టాలి. అలా పాతిపెట్టామని ప్రమాణపత్రం తేవాలి. పాదిరి ఆ సంగతి పుస్తకంలో రాయాలి. నారబట్ట కప్పితే అయిదు పౌన్లు జరిమానా. ఇది భక్తి విషయం కాదు, ఉన్ని వ్యాపారుల బేరం. బతికినంతకాలం గొర్రెలకోసం పొలంలోంచి వెళ్ళగొట్టబడినవాడు చచ్చాక ఆ గొర్రెబొచ్చునే కొనాలన్నమాట. కలవాళ్ళు మాత్రం అయిదు పౌన్లు పారేసి నారబట్టలోనే దర్జాగా పడుకున్నారు. ఆ జరిమానాలో సగం ఫిర్యాదు చేసినవాడికి దక్కుతుంది గనక కొందరు తమ మనిషిచేతనే ఫిర్యాదు చేయించి సగం వెనక్కి రాబట్టుకున్నారు. కూలివాడికి అయిదు పౌన్లంటే నెలల తరబడి కూలి. ఈ చట్టం 1814దాకా పుస్తకాల్లో వుంది. పెట్టుబడి గురించి పాఠం చెప్పడానికి మనం ఎక్కడెక్కడి ఉదాహరణలో ఏరి తెస్తాం. చర్చి పద్దులో ఒక్క పంక్తి చదివిస్తే చాలదా?

పెళ్ళి పుస్తకం కథ వేరు. 1753లో హార్డ్విక్ ప్రభువు పెళ్ళిళ్ళ చట్టం తెచ్చాడు. అది 1754 మార్చి 25 నుంచి అమలయింది. ఆస్తిగల ఇంటి పిల్లలు చాటుమాటుగా పెళ్ళాడి ఆస్తి చెదరగొట్టకూడదన్నది దాని ఉద్దేశాల్లో ముఖ్యమైనది. క్వేకర్లనూ యూదులనూ విడిచిపెట్టి, కాథలిక్కులు సహా మిగతా అందరినీ ప్రభుత్వ చర్చిలోనే పెళ్ళాడమని నిర్బంధించింది. కలవాడి సొత్తుకు కాపలాగా పుట్టిన చట్టమే, సందేహం లేదు. కాని ఆ చట్టమే వధూవరులిద్దరూ పుస్తకంలో సంతకం చేయాలంది. చేవ్రాలు రానివాళ్ళు గుర్తు వేయాలి. మన రిజిస్ట్రారు ఆఫీసులో నిశాని అన్నట్టే. రెండు వంకరగీతలు, పక్కన పాదిరి దస్తూరీలో పేరు. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో, వేల్సులో పెళ్ళాడిన మగవాళ్ళలో మూడోవంతు, ఆడవాళ్ళలో దాదాపు సగం మంది అలా గుర్తు వేసినవాళ్ళే. ప్రపంచానికి ఆవిరియంత్రం ఇచ్చామని చెప్పుకునే దేశంలో సగంమంది పెళ్ళికూతుళ్ళకు తమ పేరు రాసుకోవడం రాదు! పాలకవర్గాలు దాచుకోలేకపోయిన సాక్ష్యమిది. వాళ్ళ పెట్టెలోనే, వాళ్ళ తాళం కిందనే వుంది.

ఈ పుస్తకాలను మొదట తెరిచిందీ, ఎక్కువగా తెరిచిందీ వంశగౌరవం వెతుక్కునే దొరలే. ఒప్పుకుంటాను. కాని వాటిని తిరగేసి చదివినవాళ్ళు తరవాత వచ్చారు. ఫ్రాన్సులో ఫ్లూరీ, లూయీ హెన్రీ 1956లో ఒక పద్ధతి ప్రకటించారు. ఒక ఊరి బాప్తిస్మం పద్దునూ, పెళ్ళి పద్దునూ, ఖననం పద్దునూ జతపరచి కుటుంబాలను ఒక్కొక్కటిగా తిరిగి కూర్చటం ఆ పద్ధతి. ఇంగ్లండులో రిగ్లీ దాన్ని డెవన్ జిల్లాలోని కాలిటన్ అనే పారిష్‌కు అన్వయించి 1966లో ఫలితాలు ప్రకటించాడు. 1560 నుంచి 1646 దాకా అక్కడ ఆడపిల్ల మొదటి పెళ్ళినాటి సగటు వయసు 27. తరవాతి డెబ్భయి ఏళ్ళ పైచిలుకు కాలంలో అది ముప్ఫైకి దగ్గరయింది. నేను బి.ఏ.లో రోమియో జూలియెట్ చదివినప్పుడు మా మాస్టారు, "ఆ రోజుల్లో ఇంగ్లీషు పిల్లలకూ పద్నాలుగేళ్ళలోపే పెళ్ళిళ్ళయ్యేవి, మనలాగే" అని చెప్పారు. నేను నమ్మాను. మరో తరం పిల్లలకు నేనూ చెప్పాను. పీటర్ లాస్లెట్ 1965లోనే ఈ భ్రమ మీద దెబ్బకొట్టాడు. కూలి చేసి నాలుగు డబ్బులు కూడబెట్టుకుంటే గాని పొయ్యి పెట్టుకోలేని పేదపిల్ల ముప్ఫయ్యో ఏటిదాకా ఇంకొకరి ఇంట అంట్లు తోముతూ వుండిపోయింది. నాటకం దొరసాని బిడ్డను చూపించింది. పనిపిల్లను చూపించింది చర్చి పద్దు. సాహిత్యాన్ని సమాజానికి అద్దమని బల్లగుద్ది చెప్పే మనం ఈ సంగతి కాస్త ఆలోచించుకోవాలి.

ఇంకొక ముక్క. లాస్లెట్, రిగ్లీలు 1964లో కేంబ్రిడ్జిలో పెట్టిన పరిశోధక బృందం 404 పారిష్‌ల లెక్కలు సేకరించింది. వాటి ఆధారంగానే 1541 నుంచి 1871 వరకు ఇంగ్లండు జనాభా చరిత్ర 1981లో వెలువడింది. ఆ లెక్కలు తీసింది ఎవరనుకున్నారు? జీతగాళ్ళు కాదు. తమ తమ ఊళ్ళలో తీరిక దొరికినప్పుడల్లా చర్చి పెట్టె దగ్గర కూర్చుని నెలనెలకూ ఎన్ని చావులో ఎన్ని పుట్టుకలో లెక్కపెట్టి పంపిన స్థానికులు, ఒక్క పైసా పుచ్చుకోకుండా. మనం సామూహిక కృషి అంటూ తీర్మానాలు చేస్తాం. వాళ్ళు చేసి చూపించారు.

అంతమాత్రాన ఈ పుస్తకాలను పూజాపీఠం మీద పెట్టమని నేననను. 1812లో చేసిన చట్టంతో ఖననానికి అచ్చు ఫారం వచ్చింది. అందులో పేరు, నివాసం, తేదీ, వయసు, పాతిపెట్టించిన పాదిరి సంతకం, ఇంతే. దేనివల్ల చచ్చాడో అడగలేదు. ఆకలివల్ల అని రాయవలసిన గడి లేదు. పెళ్ళికాని తల్లి బిడ్డను పాదిరి నీచజన్మడని రాసేవాడు. తండ్రి ఏ కామందో ఊరందరికీ తెలుసు, పుస్తకానికి తెలియదు. దారినపోతూ పడి చచ్చినవాడు చాలాసార్లు పేరు లేకుండానే మట్టిలో కలిశాడు.

1616 డిసెంబరు 22న లండన్‌లో సెయింట్ డయనిస్ బాక్‌చర్చ్ అనే చర్చిలో ఒక కుర్రవాడికి బాప్తిస్మం ఇచ్చారు. బంగాళాఖాతపు తీరాన పుట్టినవాడు. ఈస్టిండియా కంపెనీ పాదిరి కోప్‌లండ్ అతన్ని ఓడమీద తీసుకుపోయాడు. రాజు జేమ్స్ స్వయంగా పేరు ఎంచాడు, పీటర్ అని. తల్లి పిలిచిన పేరేమిటో పుస్తకం చెప్పదు. అతనిది తెలుగుతీరమో, వంగతీరమో! ఆ పద్దు గురించి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పేరు రాయడం కూడా పేరు తుడిచే పని కాగలదు.

ఇవాళ ఇంకో రకం వ్యాపారం బయలుదేరింది. ఊటా రాష్ట్రంలోని మోర్మన్ల వంశశోధక సంఘం 1894లో పుట్టింది. చచ్చినవాళ్ళకు కూడా బాప్తిస్మం ఇప్పించాలన్న తమ విశ్వాసంకోసం అది 1938 నుంచి లోకంలోని రిజిస్టర్లను ఫిల్ము తీయించింది. దాని వెనకనే చందాదార్ల కంపెనీలు వచ్చాయి. ధర్మఖర్చుమీద పాతిపెట్టిన దరిద్రుడి పేరు చూడాలంటే ఇప్పుడు వాడి మునిమనవడు డబ్బు కట్టాలి. కట్టినవాడు కూడా ఏం చేస్తాడు? దరిద్రుల పద్దులు గబగబా దాటేసి ఏ నైటు దొర బంధుత్వమైనా తగులుతుందేమోనని పైకొమ్మలకు ఎగబాకుతాడు. మిత్రుడు తిట్టదలిస్తే వీళ్ళను తిట్టాలి. నేనూ గొంతు కలుపుతాను.

ఇక మన సంగతి. మన దేశంలో కొండవీటి రెడ్లకు శాసనాలున్నాయి. రెడ్ల ఇళ్ళకు గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళున్నారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ళున్నారు, నోటితోనే. కరణం దస్త్రంలో భూమి వున్నవాడి పేరు వుంటుంది. జననమరణాల రిజిస్టరులో పాలేరు పేరు ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు. 1860లో మద్రాసు రేవునుంచి ట్రూరో అనే ఓడ నేటాల్‌కు కూలీలను ఎత్తుకుపోయింది. ఆ ఓడల జాబితాలలో కూలివాడి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా వున్నాయి. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు. ఇవాళ దక్షిణాఫ్రికాలోని వాళ్ళ మనవలు ఆ మచ్చలు పట్టుకునే ఊరు వెతుక్కుంటున్నారు.

మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా నాయనమ్మ తాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం పుచ్చుకున్న 2,222 మందిలో ఒకడని ఆమె చెప్పేది. ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు పట్టి కూలి ఇచ్చిన కథ ఒంగోలు ప్రాంతంలో అందరూ ఎరిగిందే. నాకు దేవుడిమీద నమ్మకం లేదు. ఆ ముసలివాడు కూడా రొట్టెకోసం మునిగాడో, మాదిగ పల్లెను మనిషిగా పేరుపెట్టి పిలిచిన మొదటి గొంతు అదేనని మునిగాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనే అనుకున్నాను. ఒక పాత మిషను చర్చికి వెళ్ళి సంఘపు పుస్తకం చూపమన్నాను. బాప్టిస్టులకు ఇంగ్లండు తరహా పారిష్ పుస్తకం వుండదు, సంఘ సభ్యుల జాబితా వుంటుంది.

ఈ సంగతి తెలిసి మా పెదనాయన మండిపడ్డాడు. "పుస్తకంలో పేరు దొరికితే నీకేం, ఉద్యోగం చేసుకుంటున్నావు. పిల్లగాళ్ళ సర్టిఫికెట్టు ఏం కావాల్రా అబ్బయ్యా?" అన్నాడు.

మిత్రుడు ఇది వినాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అతను బి.సి.-సి, ఒక్క శాతం. ఊళ్ళో బావి దగ్గర మాత్రం ఎప్పటిలాగా మాదిగే. అందుచేత పల్లెలో మనిషికి రెండు పేర్లు, బళ్ళో ఒకటి, చర్చిలో ఒకటి. 1538లో ఇంగ్లీషు రైతు ఏ పుస్తకాన్ని చూసి వణికాడో ఆ పుస్తకాన్ని చూసే మా పెదనాయన ఇవాళ వణుకుతున్నాడు. ఇది పాదిరీల చావు లెక్క అని చేయి దులుపుకునే హక్కు మనకెవరిచ్చారు? పేరు ఎవరు రాస్తారు, ఎందుకు రాస్తారు, ఎవరిమీదికి తిప్పుతారు అన్నది శ్రామికవర్గ సమస్య కాకపోతే మరేది?

చివరికి ఆ చర్చి పెద్ద ఒప్పుకున్నాడు. వేసవి సెలవుల్లో ఇద్దరు విద్యార్థులతో వెళ్ళి, చెదలు తినగా మిగిలిన పాత పుటలు నకలు తీసుకోబోతున్నాం. గోష్ఠిలో చప్పట్లు కొట్టించుకున్న మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను. కలంకాగితాలు నావే, దస్తూరీ అతనిది బాగుంటుంది. వస్తానని గాని రానని గాని ఇంకా చెప్పలేదు. చర్చి పెద్ద ఒక్క షరతు పెట్టాడు, 1950 తరవాతి పుస్తకం బీరువాలోంచి బయటికి రాదని. నేను అడగలేదు.