కుందేలు బొమ్మకు 6 పౌన్లు

బొమ్మలు గీసేవాళ్ళలోనూ, కథలు రాసేవాళ్ళలోనూ చాలామంది ఎక్కడా నెలజీతానికి పనిచెయ్యరు. ఇంట్లోనే పని చేసుకుని, కావలసినవారికి అమ్ముతారు. ఇందులో మొదటి మెట్టు ఎక్కటమే కష్టం. బియాట్రిక్స్ పాటర్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి దాన్ని ఎలా ఎక్కిందో చూడండి.

ఆమె 1866లో లండనులో పుట్టింది. బడికి వెళ్ళకుండా ఇంటివద్దనే చదువుకున్నది. ఆమెకూ, ఆమె తమ్ముడికీ పెంపుడు జంతువులంటే ప్రాణం. వాటిని చూసి ఆమె బొమ్మలు గీసేది.

1890లో ఆమె తన పెంపుడు కుందేలును చూసి గీసిన బొమ్మలను గ్రీటింగు కార్డులు అచ్చువేసే కంపెనీకి పంపింది. అవి తిరిగి వచ్చాయి. మరొక కంపెనీకి పంపితే, వాళ్ళు వాటిని తీసుకుని 6 పౌన్లు ఇచ్చారు. ఆ సంతోషంలో ఆమె కుందేలుకు ఒక కప్పు గింజలు పెట్టింది. అవి తిని మత్తెక్కిన కుందేలు, మర్నాడు బొమ్మ గీద్దామంటే ఒక్క చోట కూర్చోలేదు!

1893లో నోయెల్ అనే అయిదేళ్ళ పిల్లవాడు జబ్బుపడ్డాడు. వాడి తల్లి ఒకప్పుడు బియాట్రిక్స్‌కు చదువు చెప్పింది. వాడికి కాలక్షేపంగా ఉండాలని ఆమె నాలుగు కుందేలు పిల్లల కథను బొమ్మలతో సహా ఉత్తరంగా రాసి పంపింది. వాడు దాన్ని భద్రంగా దాచుకున్నాడు.

కొన్నేళ్ళ తరవాత ఆమె ఆ ఉత్తరం అడిగి తెచ్చుకుని, కథ పెంచి పుస్తకంగా తయారుచేసింది. ప్రచురణకర్తలు ఒకరి తరవాత ఒకరు కాదన్నారు. పెద్ద పుస్తకం వెయ్యాలన్నవారు కూడా ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పుస్తకం చిన్న చేతుల్లో ఇమడాలి, పిల్లలు కొనగలిగే ధరకు రావాలి అన్నది ఆమె పట్టుదల.

చివరకు 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చు వేయించింది. అవి త్వరలోనే చెల్లిపోయి, మరి 200 వెయ్యవలసి వచ్చింది. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ కూడా తన పిల్లల కోసం ఒక ప్రతి తీసుకున్నాడు.

అంతకుముందు వద్దన్న వార్న్ కంపెనీయే, బొమ్మలకు రంగులు వేసి ఇస్తే అచ్చు వేస్తామన్నది. ఆమె సరేనన్నది. 1902 అక్టోబరులో వెలువడిన 8,000 ప్రతులూ విడుదలకు ముందే అమ్ముడుపోయాయి. అదే "పీటర్ రాబిట్". 1903లో ఆమె పీటర్ బొమ్మను గుడ్డతో కుట్టి, ఇతరులు నకలు చెయ్యకుండా తన పేర రిజిస్టరు చేయించింది. 1905లో తన పొలం తాను కొనుక్కున్నది.

పిల్లలూ, మీరు గీసిన బొమ్మలను చించి పారెయ్యకండి. కింద తేదీ వేసి దాచండి. తల్లిదండ్రులు కూడా ఒక పాత పెట్టె వాటికి కేటాయిస్తే మంచిది. నోయెల్ ఆ ఉత్తరాన్ని పారేసి ఉంటే పీటర్ కథ ఏమై ఉండేదో!