చీపురుకు కులం, కుర్చీకి ఏజెన్సీ

నా దగ్గర ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసిన ఒక దళిత విద్యార్థి కొన్ని నెలల క్రితం నన్ను కలవడానికి వచ్చాడు. అతని తల్లి ఒక పురపాలక సంఘంలో పదిహేనేళ్లకు పైగా ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికురాలిగా పనిచేసి, అనారోగ్యంతో మరణించింది. ఆమె స్థానంలో కొడుకును తీసుకుంటామని అధికారులు చెప్పారు. అదే కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్ స్థానం ఖాళీగా ఉందని తెలిసి అతడు దరఖాస్తు పట్టుకుని వెళ్లాడు. ‘అది ఏజెన్సీ చూసుకుంటుంది, నీకు మీ అమ్మ పని ఉంది కదా’ అన్నారట. ఏజెన్సీని అడిగితే, ఆఫీసు పంపిన పేర్లనే తీసుకుంటామన్నారు. ‘నేను ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి సార్?’ అని అడిగాడు. ఏళ్ల తరబడి ఇదే శాస్త్రాన్ని బోధిస్తున్న నా దగ్గర సూటి జవాబు లేకపోయింది.

అతన్ని ఎవరూ దూషించలేదు. కులం పేరెత్తలేదు. అందువల్ల అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవదు. ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశం రాజ్యాంగం 16వ అధికరణం ఇచ్చిన హక్కు. అయితే రిజర్వేషన్ నిబంధనలన్నీ మంజూరైన ‘పోస్టు’ చుట్టూ తిరుగుతాయి. పోస్టు ఉంటే ప్రకటన, రోస్టర్ పాయింటు, ఎంపిక జాబితా ఉంటాయి. అన్యాయం జరిగితే చూపడానికి ఒక కాగితమైనా ఉంటుంది. ఏజెన్సీ ద్వారా వచ్చే పనికి ఇవేవీ ఉండవు. వివక్ష జరగలేదని కాదు, జరిగిందని చూపే ఆధారమే పుట్టని ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటు దానంతటదే రాలేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరిస్తూ, సంస్థల ‘ప్రధాన కార్యకలాపాల’ పరిధి నుంచి ఊడ్చడం, శుభ్రపరచడం, చెత్త సేకరణ వంటి పారిశుద్ధ్య పనులను మినహాయించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలోనూ అలాంటి జాబితాయే ఉంది. అయితే ఆ సంస్థ ఏర్పడిందే ఆ పని కోసం కాకపోతేనే ఈ మినహాయింపు వర్తిస్తుందని స్మృతి చెబుతోంది. పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల విధుల జాబితాలోనే ఉన్నాయి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఊడ్చే పని అనుబంధం కావచ్చు. పురపాలక సంఘానికి అది అనుబంధం ఎలా అవుతుంది? సాధారణంగా కాంట్రాక్టరు ద్వారానే జరిగే పని అయితే ప్రధాన కార్యకలాపమైనా అలాగే చేయించవచ్చని అదే స్మృతి మరో తలుపు తెరిచిపెట్టింది. అంటే రెండు దశాబ్దాలుగా సాగిన అలవాటే రేపు కార్మికుడి హక్కుకు అడ్డుగోడ కాబోతోంది.

రోస్టర్ లేని ఈ రంగంలో కులం మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారి వివరాలను కేంద్ర ప్రభుత్వం ‘నమస్తే’ పథకం కింద నమోదు చేసింది. 2024 నాటికి 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, ఓబీసీలను కలిపితే 92 శాతం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీల వాటా 16.6 శాతమే. ఏ జీవో చెప్పకుండానే ఇంతమంది ఒకే పనిలోకి చేరారు.

ఈ నేపథ్యంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ఎస్సీ వర్గీకరణను చూడాలి. తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి, 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా పంచిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా వర్గీకరణ చేసింది. అత్యంత వెనుకబడిన ఉపకులాలకు వాటా దక్కాలన్న వాదన న్యాయమైనదే. కానీ పంచుకున్న వాటా అమలయ్యేది రెగ్యులర్ పోస్టుల్లోనే. పట్టణ పాలనలో కింది మెట్టు ఉద్యోగాలన్నీ ఏజెన్సీల చేతికి పోతుంటే పంచుకోవడానికి మిగిలేదెంత?

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. 45 రోజులు, అంతకు మించి సాగే తాత్కాలిక నియామకాల్లో రిజర్వేషన్ పాటించాలన్న ఆదేశాలు తన శాఖల్లో ఉన్నాయని కేంద్రం 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఔట్‌సోర్సింగ్ సేవల కోసం ఆంధ్రప్రదేశ్ నెలకొల్పిన ఆప్కాస్, నియామకాల్లో 50 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కేటాయించాలన్న నియమంతో మొదలైంది. ఆ అడుగు విలువైనదే. అయితే వాటాను మొత్తం సంఖ్య మీద లెక్కిస్తే ఒక ప్రమాదముంది. పారిశుద్ధ్య కార్మికులతోనే ఎస్సీల లెక్క నిండిపోతుంది, కార్యాలయంలోని కుర్చీలు ఎప్పటిలాగే ఉంటాయి. లెక్క ప్రతి రకం పనికీ విడివిడిగా ఉండాలి.

‘మేం కులం చూసి పెట్టుకోలేదు, వాళ్లే వస్తున్నారు’ అని అధికారులు అంటారు. ఆ వాదనకు 2024 అక్టోబరు 3న జవాబు దొరికింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలను ఆ రోజు సుప్రీంకోర్టు కొట్టివేసింది. పైకి తటస్థంగా కనిపించే నియమం కూడా ఫలితంలో వివక్ష కావచ్చని అందులో చర్చించింది. ఖైదీకి వర్తించే న్యాయం పట్టభద్రుడైన పౌరుడికి వర్తించదా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తల్లి స్థానంలో బిడ్డకు ఇచ్చే పని ఎన్నో కుటుంబాలకు ఆకలి తీర్చే ఏకైక ఆధారం. దాన్ని రద్దు చేయాలని నేను అనడం లేదు. ఆ బిడ్డకు అదొక్కటే మిగలకూడదంటున్నాను. మరణించిన కార్మికురాలి కుటుంబానికి ఉద్యోగం ఇవ్వదలచినప్పుడు, వారసుల చదువుకు తగిన ఖాళీ ఏదైనా ఆ కార్యాలయంలో ఉంటే ముందు దాన్నే చూపాలి.

ఇక ఫిర్యాదు సంగతి. 338వ అధికరణం కింద జాతీయ ఎస్సీ కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కానీ నెల జీతం మీద బతికే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఢిల్లీకి ఉత్తరం రాసి ఎదురుచూడగలడా? మన పిల్లలెందరో కొలువులు చేస్తున్న సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలోనే కులాన్ని వివక్ష నిషేధ చట్టంలో చేర్చి, ఫిర్యాదుకు నగర స్థాయిలోనే చోటు చూపింది. మన దగ్గరా నమూనా ఉంది. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేసింది, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారినీ ఉద్యోగులుగానే గుర్తించింది. కుల వివక్ష విషయంలో ఆ మాత్రం ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

ప్రతి నగరపాలక సంస్థలో బయటి వ్యక్తి అధ్యక్షతన అలాంటి కమిటీ ఉండాలి. గడువులోగా లిఖితపూర్వక జవాబు ఇవ్వాలి. విచారణ ముగిసేదాకా ఫిర్యాదుదారును పని నుంచి తొలగించకూడదు. ఎంపిక ఎలా జరిగిందో చూపే భారం కార్యాలయానిదే కావాలి. ఏజెన్సీ ఎవరైనా జవాబుదారీ కమిషనరే కావాలి. ఏ పనిలో ఏ సామాజిక వర్గం వారు ఎందరున్నారో, వారి వేతనమెంతో ఏటా ప్రకటించాలి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు, పురపాలక శాఖ ఉత్తర్వు చాలు.

ఆ విద్యార్థి చివరికి తల్లి స్థానంలోనే చేరాడు. చెల్లెలి చదువు ఆగకూడదన్నాడు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి హాజరు వేయించుకుంటున్నాడు. అతడు అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. నాకన్నా ముందు ప్రభుత్వాలు బాకీ ఉన్నాయి.